వెల్డింగ్ పొగ, గ్యాస్ కటింగ్, షెడ్డులో గాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ ఆటోనగర్ షెడ్లలో పనిచేసేవాళ్ళు, గాజువాక, కంచరపాలెం గ్రిల్ షాపులవాళ్ళు, ఫిషింగ్ హార్బర్‌లో పడవల రిపేరు చేసేవాళ్ళు, మధ్యలో ఏసీ మెకానిక్కులు, అందరూ తిప్పి తిప్పి అవే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలని ఇది. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి. కొన్ని మాటలు రెండు మూడు చోట్ల మళ్ళీ వస్తాయి, అది కావాలనే.

## పని ఒప్పుకునే ముందు

"ఏ ఇనుము పొగ ఎక్కువ ప్రమాదం? నాకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి"

పొగ రంగు చూసి ప్రమాదం లెక్కకట్టలేం. రాడ్డు వెల్డింగ్‌లో వచ్చే పొగలో ఎక్కువ భాగం ప్లేటుది కాదు, రాడ్డుదే. ప్లేటు మీద రంగో జింకు పూతో ఉంటే దాని పొగ అదనం. మామూలు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) పనిలో ఇనుముతోపాటు మాంగనీస్ వస్తుంది, ఏళ్ళ తరబడి ఎక్కువగా పీలిస్తే అది నరాల మీద పడుతుంది, చేతులు వణుకుతాయి, నడక మారుతుంది. ఎస్.ఎస్.ని, అంటే స్టెయిన్‌లెస్ స్టీల్‌ని, రాడ్డుతో కొడితే హెక్సావలెంట్ క్రోమియం, నికెల్, రెండూ క్యాన్సర్ తెచ్చేవే. ఎస్.ఎస్. పని చూడ్డానికి తళతళలాడుతూ శుభ్రంగా ఉంటుంది కాబట్టి ఎవరూ భయపడరు, నాకైతే దాని మీదే ఎక్కువ అనుమానం. జి.ఐ.లో, అంటే జింకు పూత వేసిన ఇనుములో, జింకు, పాత రంగుల్లో సీసం. వీటన్నిటికంటే ప్రమాదమైనది కాడ్మియం, పాత యంత్రాల బోల్టుల మీద పూతగా ఉంటుంది. పసుపు రంగు జింకు పూత కూడా అలాగే మెరుస్తుంది, కంటితో తేడా తెలియదు. అందుకని ఎక్కడిదో తెలియని పసుపు బోల్టు బిగుసుకుపోతే గ్యాస్ టార్చ్ పెట్టకండి, స్పానర్‌తో విప్పండి, రాకపోతే హ్యాక్‌సా బ్లేడుతో కోయండి. టైమ్ పడుతుంది, పట్టనివ్వండి.

"జి.ఐ. పైపు మీద పూత తీయాలా, అలాగే కొట్టేయొచ్చా?"

తీయాలి. మన ఊళ్ళో సముద్రపు గాలికి మామూలు ఇనుము ఊరికే తుప్పు పడుతుంది కాబట్టి గేటన్నా, మేడ మీద షెడ్డన్నా జి.ఐ. వేయమంటారు. దాని మీద ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) పెట్టగానే పసుపు పచ్చగా మంట, తెల్లటి చిక్కటి పొగ. కాసేపటికి గాలిలో తెల్లటి పింజలు తేలుతూ వచ్చి చొక్కా చేతుల మీద వాలతాయి. అదే జింక్ ఆక్సైడ్. అతుకు పడే చోట రెండువైపులా కనీసం ఒక అంగుళం, వీలైతే నాలుగు అంగుళాల దాకా గ్రైండర్‌తో పూత లేపేయండి, గ్రైండింగ్ చేసేటప్పుడు కూడా మాస్కు ఉండాలి. పైపు లోపలి పూతని తీయలేరు కాబట్టి కొంత పొగ ఎలాగూ వస్తుంది. బాత్రూమ్ యాసిడ్ పోసి పూత కరిగించేవాళ్ళున్నారు, ఆ ఆవిరి గొంతు పట్టేస్తుంది, కడగకుండా మిగిలిన యాసిడ్ తర్వాత అతుకునే తినేస్తుంది. పని అయ్యాక కోల్డ్ గాల్వనైజింగ్ పెయింట్ రెండు కోట్లు వేస్తే కస్టమర్‌కి మళ్ళీ తుప్పు గొడవ ఉండదు.

"స్క్రాప్‌లో పాత ఓడ ప్లేట్లు, పాత గేట్లు కొంటాం. రంగు మీదే గ్యాస్ కటింగ్ చేయొచ్చా?"

వద్దు. పాత ఎర్ర ప్రైమర్లలో సీసం ఉండేది, ఓడల అడుగున వేసే రంగుల్లో నాచు, గవ్వలు పట్టకుండా విషపు మందులు కలిపేవారు. మంట తగిలితే ఇవన్నీ ఆవిరై మీ ముక్కు దగ్గరకే వస్తాయి. ఎపాక్సీ, పాలీయురేథేన్ పెయింట్లు కాలితే వచ్చే పొగ ఆయాసం జబ్బు తెచ్చిపెడుతుంది, ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత కొద్దిపాటి పొగకే దగ్గు ముంచుకొస్తుంది. కోసే గీతకి రెండువైపులా నాలుగు అంగుళాలు రంగు తీసేసి కోయండి. ఎండు రంగుని పొడి పొడిగా గ్రైండ్ చేస్తే ఆ ధూళి కూడా సీసమే, మిథిలీన్ క్లోరైడ్ లేని పెయింట్ రిమూవర్ రాసి మెత్తబరచి గీకడం మేలు. గీకినచోట రిమూవర్ మిగలకుండా కడిగి, ఆరాకే మంట పెట్టాలి. టార్చ్‌కి పొడవాటి గొట్టం ఉన్నది వాడితే ముఖం కొంత దూరంగా ఉంటుంది.

"బ్రేక్ క్లీనర్‌తో తుడిచి వెంటనే వెల్డింగ్ కొడితే ఏమవుతుంది?"

చచ్చేంత ప్రమాదం, అతిశయోక్తి కాదు. కొన్ని బ్రేక్ క్లీనర్లలో, డీగ్రీజర్లలో క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు ఉంటాయి, వాటి ఆవిరికి ఆర్క్ వెలుగు, వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన వాయువుల్లో అదొకటి. పీల్చినప్పుడు పెద్దగా ఏమీ అనిపించకపోవచ్చు, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. డబ్బా మీద పెర్‌క్లోరోఎథిలీన్, ట్రైక్లోరోఎథిలీన్, మిథిలీన్ క్లోరైడ్ అని ఉంటే దాన్ని వెల్డింగ్ షెడ్డులోకే రానివ్వకండి. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, వైర్ బ్రష్ కొడితే చాలు.

"నేను ఏసీ మెకానిక్‌ని. రాగి పైపులు అతికే చిన్న బ్రేజింగే కదా, నాకూ ఇవన్నీ వర్తిస్తాయా?"

రెండు వర్తిస్తాయి. సిల్వర్ రాడ్డు కొనేటప్పుడు ప్యాకెట్ మీద కాడ్మియం లేదని రాసి ఉందో లేదో చూడండి, కాడ్మియం లేనిదే కొనండి. రెండోది, పైపులో గ్యాస్ మిగిలి ఉండగా టార్చ్ పెట్టకండి. ఆర్22 గానీ ఆర్410ఏ గానీ మంటకి విడిపోయి ఘాటైన ఆమ్ల వాయువులు వస్తాయి, కళ్ళూ గొంతూ మండుతాయి. మంట రంగు మారి ఆకుపచ్చగా కనిపిస్తే టార్చ్ ఆపి కిటికీ తీసి బయటికి రండి.

## షెడ్డు, ఫ్యాను, గాలి

"షట్టర్ తీసే ఉంటుంది, పెడస్టల్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. ఇంకేం కావాలి?"

ఫ్యాన్ ఎక్కడ పెట్టారన్నదే అసలు సంగతి. చాలా షాపుల్లో చెమట ఆరడానికి వీపు వెనక పెడతారు. వీపుకి గాలి కొట్టినప్పుడు ఒంటికి ముందువైపు గాలి సుడి తిరుగుతుంది, ఆ సుడి పొగని లాక్కొచ్చి ఛాతీ మీదుగా హెల్మెట్ కిందికి ఎక్కిస్తుంది. అంటే ఫ్యాన్ లేకపోతే నేరుగా పైకి పోయే పొగని మీరే ఫ్యాన్ పెట్టి మరీ ముఖం మీదికి తెచ్చుకుంటున్నారు. పక్క నుంచి, ఎడమ భుజం వైపు నుంచి కుడికో, కుడి నుంచి ఎడమకో గాలి అడ్డంగా పోవాలి. ఆ గాలి పోయే వైపు హెల్పర్ కుర్రాడు కూర్చుని గ్రైండింగ్ చేస్తుంటే మీ పొగంతా వాడికే, అదొకటి చూసుకోండి. షట్టర్ ఒక్కటే తెరిచి వెనక గోడ మూసి ఉంటే గాలి లోపలికి వచ్చినట్టే ఉంటుంది గానీ బయటికి దారి ఉండదు. ఎదురు గోడలో పైన కిటికీయో జాలీయో తీయాలి.

"ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎంతది పెట్టాలి?"

అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నియమం ఒకటి లెక్కకి పనికొస్తుంది. ఒక్కో వెల్డర్‌కి 10,000 ఘనపుటడుగుల కంటే తక్కువ చోటున్నా, కప్పు ఎత్తు 16 అడుగుల కంటే తక్కువైనా యంత్రంతో గాలి మార్చాల్సిందే, మనిషికి నిమిషానికి 2,000 ఘనపుటడుగులు. మన షాపు 12 అడుగుల వెడల్పు, 20 పొడవు, 14 ఎత్తు అనుకోండి, మొత్తం 3,360 ఘనపుటడుగులే. ఒక్కడు పనిచేసినా సరిపోదు. ఫ్యాన్ల మీద గంటకి ఇన్ని ఘనపు మీటర్లు అని ఉంటుంది, 2,000 ఘనపుటడుగులంటే అందులో సుమారు 3,400. వంటింటి ఫ్యాన్ దరిదాపుల్లోకి కూడా రాదు, హెవీ డ్యూటీది కావాలి, కొనేటప్పుడు అంగుళాలు చూడకండి, ఆ అంకె చూడండి.

ఇక ఏ గోడకి పెట్టాలి? విశాఖలో పగలు సముద్రం వైపు నుంచి గాలి లోపలికి వీస్తుంది, రాత్రి అటు తిరుగుతుంది. పని ఎక్కువగా పగలే కాబట్టి సముద్రానికి ఎదురు గోడకి, అంటే ఊళ్ళోపలి వైపు గోడకి పైన పెట్టండి, గాలికి ఎదురు పెడితే ఫ్యాన్ తిరుగుతుంది గానీ పొగ వెనక్కే వస్తుంది. ఎండాకాలం రేకు కాగిపోయి దాని కింద వేడి గాలి ఒక పొరలా నిలుస్తుంది, వెల్డింగ్ పొగ దాన్ని దాటలేక తల ఎత్తులోనే పరుచుకుంటుంది. మధ్యాహ్నం రెండింటికి షెడ్డు తలుపులో నిలబడి లోపలికి చూస్తే నీలంగా ఆ పొర కనిపిస్తుంది. రేకు మీద టర్బో వెంటిలేటర్ పెట్టిస్తే ఆ పొర కొంత పలచబడుతుంది, కానీ కిందనుంచి గాలి రావడానికి దారి లేకపోతే అదీ ఊరికే తిరుగుతుంది.

"ఫ్యాన్ వేస్తే సీవోటూ వెల్డింగ్‌లో రంధ్రాలు పడుతున్నాయి"

గాలి సెకనుకి రెండు మీటర్లు దాటితే అతుకుకి గాలి తగలకుండా కప్పి ఉంచే షీల్డింగ్ గ్యాస్ చెదిరిపోతుంది, అప్పుడే రంధ్రాలు. కానీ పొగని పక్కకి తోయడానికి అర మీటరు వేగం చాలు. అంటే ఫ్యాన్ ఆపక్కర్లేదు, దూరం జరపాలి, వేగం తగ్గించాలి. ఎంత ఉండాలో తెలియాలంటే వెల్డింగ్ మొదలుపెట్టకముందు, మండే సరుకేదీ దగ్గర లేనప్పుడు, అతుకు దగ్గర ఒక అగరుబత్తి పట్టుకోండి. పొగ వాలుగా, విరిగిపోకుండా పక్కకి పోతే సరిపోయింది. ముక్కలు ముక్కలైపోతే ఎక్కువైంది.

"పొగ లాగే మెషిన్ కొన్నాం, వేలు పోశాం, లాగడం లేదు"

గొట్టం మూతి ఎంత దూరంలో ఉంది? అగ్గిపుల్లని ఊది ఆర్పగలం, పీల్చి ఆర్పలేం. ఫ్యానూ అంతే, ఊదిన గాలి దూరం పోతుంది, లాగే గాలి మూతి దగ్గర్లోనే చచ్చిపోతుంది. మూతి ఎంత వెడల్పో అంత దూరం జరిగేసరికి లాగుడు పదోవంతుకి పడిపోతుంది. ఆరంగుళాల గొట్టమైతే అతుకుకి ఆరంగుళాల లోపే ఉండాలి, కొంచెం పైన, కొంచెం పక్కన. తల మీద పెడితే పొగ మీ ముఖం దాటే పైకి పోతుంది, అప్పుడు మెషిన్ ఉన్నా లేనట్టే. రెండడుగులు వెల్డ్ చేశాక గొట్టం జరపాలి, అది ఎవరూ చేయరు, అదే గొడవంతా.

"ఆరుబయట చేస్తే ఏమీ కాదు కదా?"

తగ్గుతుంది, పోదు. మీ ముఖం పొగ స్తంభంలో ఉంటే బీచ్ రోడ్డు మీద చేసినా అదే పొగ. బ్రిటన్ భద్రతా అధికారులు 2019లో ఈ మాటే స్పష్టంగా చెప్పారు, బయట చేసే వెల్డింగ్‌కి కూడా మాస్కు కావాలని. గాలి అడ్డంగా పోయేలా తిరిగి కూర్చోండి.

"వానొస్తోంది, పక్కింటివాళ్ళ గొడవ, షట్టర్ సగం దించి చేస్తాం. కరెంటు పోతే జనరేటర్ కూడా లోపలే"

జనరేటర్ లోపల పెట్టడం ఏ పరిస్థితిలోనూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, తలనొప్పి, వికారం, మగత, తర్వాత లేవరు. సీవోటూ వెల్డింగ్‌లో ఆర్క్ వేడికి ఆ గ్యాస్‌లోనూ కొంత మోనాక్సైడ్‌గా మారుతుంది, మూసిన షెడ్డులో రెండూ కలుస్తాయి. జనరేటర్ బయట, దాని పొగ గొట్టం షట్టర్‌కి దూరంగా. పక్కింటివాళ్ళ గొడవ నిజమే, రాత్రి తొమ్మిది తర్వాత గ్రైండర్ చప్పుడుకి ఎవరికైనా ఒళ్ళు మండుతుంది, దానికి మందు షట్టర్ దించడం కాదు, పని పొద్దుటికి పెట్టుకోవడం.

"మా ఫ్లాట్‌లో బాల్కనీ గ్రిల్ వెల్డింగ్ చేయిస్తున్నాం. ఇంట్లో పిల్లలు, పెద్దావిడ ఉన్నారు"

వీలైతే షాపులోనే వెల్డింగ్ చేసి తెచ్చి బోల్టులతో బిగించమనండి, చాలా గ్రిల్స్‌కి అది కుదురుతుంది. ఇంట్లోనే తప్పదంటే బాల్కనీ తలుపు మూసి కింద సందులో తడిగుడ్డ పెట్టండి, ఏసీ ఆపండి, ఎదురువైపు కిటికీలు తెరవండి. ఆయాసం ఉన్నవాళ్ళనీ, చంటిపిల్లలనీ ఆ పూట చుట్టాలింటికి పంపేయండి. కర్టెన్లు తీసేసి, బకెట్ నీళ్ళు దగ్గర పెట్టుకోండి. అయ్యాక నేల చీపురుతో ఊడ్చకండి, తడిగుడ్డతో తుడవండి.

## మాస్కు

"తువ్వాలు తడిపి కట్టుకుంటే సరిపోదా? మా మేస్త్రి ముప్పై ఏళ్ళు అలాగే చేశాడు"

సరిపోదు. వెల్డింగ్ పొగలో నలుసులు చాలా వరకు ఒక మైక్రాన్ కంటే చిన్నవి, తువ్వాలు నేతలోంచి దర్జాగా వెళ్ళిపోతాయి. ఆసుపత్రి నీలం మాస్కు కూడా అంతే, పక్కలనుంచి గాలి లాగుతుంది. తువ్వాలు పెద్ద పెద్ద ధూళిని ఆపుతుంది కాబట్టి సాయంత్రానికి నల్లబడుతుంది, ఆ నలుపు చూసి పనిచేసిందనుకుంటాం. మేస్త్రి గారికి ఏమీ కాలేదంటే సంతోషం, ఆయనతోపాటు పని నేర్చుకున్న మిగతావాళ్ళు ఎలా ఉన్నారో కూడా ఆయన్నే అడగండి.

"ఏ మాస్కు కొనాలి? ఈ ఉక్కపోతలో పెట్టుకోలేకపోతున్నాం"

ఎం.ఎస్. పనికి ఎన్95 గానీ, ఐ.ఎస్. 9473 గుర్తున్న ఎఫ్ఎఫ్‌పీ2 గానీ, ముందు వాల్వ్ ఉన్నది తీసుకోండి, వదిలే ఊపిరి బయటికి పోయి లోపల చెమట తగ్గుతుంది. ఎస్.ఎస్., సీసం రంగు, రోజంతా పని ఉంటే రబ్బరు హాఫ్ మాస్కుకి పీ100 ఫిల్టర్లు మేలు, మొదట ఖర్చనిపిస్తుంది గానీ మాస్కు ఏళ్ళొస్తుంది, ఫిల్టర్లే మార్చాలి. చాలా రకాలు హెల్మెట్ కిందికి పడతాయి. ఊపిరి లాగడం బరువెక్కితే ఫిల్టర్ నిండిందని లెక్క.

ఉక్కపోత మాట నిజం. మే నెలలో మన తేమలో మాస్కు పెట్టుకుని గంట పనిచేయడం ఎవరివల్లా కాదు. అందుకే పొగ పని పొద్దున్నే పెట్టుకుని, కొలతలు, కటింగ్ మార్కింగ్ మధ్యాహ్నానికి నెట్టండి, అరగంటకోసారి బయటికొచ్చి మాస్కు తీసి నీళ్ళు తాగండి. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఈ మాస్కులు నలుసులనే ఆపుతాయి, గ్యాసులని ఆపవు. ఆర్గాన్, మోనాక్సైడ్, ఫాస్జీన్ ముందు ఎన్95 ఉన్నా లేకున్నా ఒకటే.

"గడ్డం ఉంటే మాస్కు పనిచేయదా?"

మాస్కు అంచు తగిలే చోట వెంట్రుకలుంటే సందుల్లోంచి గాలి లాగుతుంది. మీసం ఫర్వాలేదు, అంచు కింద గడ్డం మాత్రం ఉండకూడదు. తీయడం కుదరకపోతే గాలి ఊదే హుడ్ రకం హెల్మెట్ ఉంటుంది, ఖరీదెక్కువ. సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే పని అయ్యాక మాస్కు తీసి అద్దంలో చూడండి, ముక్కు పక్కన నల్లటి చారలుంటే అక్కడే లీకు.

## పని మీద ఉన్నప్పుడు

"మాస్కు, ఫ్యాన్ సరే. ఖర్చు లేకుండా చేయగలిగింది ఏమైనా ఉందా?"

తల పక్కకి పెట్టడం. నన్నడిగితే అన్నిటికంటే ముందు ఇదే నేర్పాలి. పొగ అతుకు నుంచి నిట్టనిలువుగా లేస్తుంది, కొత్త కుర్రాళ్ళు బీడ్ (అతుకు గీత) బాగా కనబడాలని సరిగ్గా దాని మీదికి వంగుతారు. పనిని టేబుల్ మీదికి ఎత్తండి, వంగాల్సిన అవసరమే తగ్గుతుంది, నేల మీద గొంతుకూర్చుని చేసేటప్పుడే ముఖం పొగలోకి పోతుంది. కళ్ళు సరిగా ఆనకపోతే హెల్మెట్‌లో చీటర్ లెన్స్ (పెద్దగా చూపించే అద్దం) వేసుకోండి, నలభై దాటినవాళ్ళు దగ్గరికి వంగేది చాలాసార్లు దానికే. కరెంటు అవసరానికి మించి పెంచకండి, ఆంపియర్లు పెరిగితే పొగా పెరుగుతుంది.

"ఆర్గాన్ వెల్డింగ్‌కి పొగే రాదు, దానికీ జాగ్రత్తలా?"

పొగ తక్కువే. కానీ ఆ ఆర్క్ వెలుగుకి చుట్టూ గాలిలోని ఆక్సిజన్ ఓజోన్‌గా మారుతుంది, అల్యూమినియం, ఎస్.ఎస్. మీద మరీ ఎక్కువ. గొంతు గరగర, పొడి దగ్గు, ఛాతీ బిగుతు దానివల్లే. నలుసుల మాస్కు ఓజోన్‌ని ఆపదు, గాలి మార్చడమే దారి. ఇంకొకటి, ఆర్క్ పుట్టించే ఎర్ర మూతి టంగ్‌స్టన్ పుల్లలో 2 శాతం థోరియం ఉంటుంది, రేడియోధార్మిక పదార్థం. దాన్ని గ్రైండ్ చేసిన పొడి పీల్చకూడదు. లాంథనం రకం కొనండి, పని అలాగే నడుస్తుంది.

"ఉక్కగా ఉంటే ఆక్సిజన్ పైపుతో ఒంటికి ఊదుకుంటాం. అది మంచి గాలే కదా?"

ఈ ఒక్క అలవాటు ఈ రోజే మానేయండి. ఆక్సిజన్ బట్టల్లోకి ఇంకి కాసేపు అలాగే ఉంటుంది, ఆ తర్వాత ఒక్క రవ్వ పడితే చొక్కా ఒక్కసారిగా భగ్గుమంటుంది, ఆర్పే వ్యవధి ఉండదు. దుమ్ము దులపడానికీ, ట్యాంకులో గాలి కోసమూ వాడకూడదు. నల్ల సిలిండర్ గ్యాస్ కటింగ్‌కే.

## ట్యాంకులు, డ్రమ్ములు, పడవలు

"ఖాళీ డీజిల్ డ్రమ్ముని సగానికి కోసివ్వమన్నారు. మూత తీసి రెండు రోజులు ఎండబెట్టాం"

ఎండబెడితే సరిపోదు. అంచు మడతల్లో, తుప్పు పొరల్లో మిగిలిన నూనె మంట వేడికి మళ్ళీ ఆవిరవుతుంది, మూసి ఉన్న డ్రమ్ము బాంబే. ఇలాంటి పనికి చేతి ఉలి, సుత్తి, లేదా చల్లగా కోసే పద్ధతి. మంటే పెట్టాలంటే వేడి సబ్బు నీళ్ళతోనో ఆవిరితోనో కడిగి, అతుకు దగ్గర కొంచెం వదిలి మిగతాదంతా నీళ్ళతో నింపి, మూత తీసి ఉంచి చేయాలి. లోపల ఏముండేదో తెలియని డ్రమ్ము అయితే వద్దని చెప్పి పంపేయండి.

"బోటులో చేపలు నిల్వచేసే హోల్డ్‌లోకి దిగి వెల్డింగ్ చేయాలి. వాసన తప్ప ఇంకేముంటుంది?"

ఆ వాసనే ఒక హెచ్చరిక, అది పోవడం ఇంకా పెద్ద హెచ్చరిక. కుళ్ళిన చేపల నీళ్ళు లోపలి ఆక్సిజన్‌ని తినేస్తాయి, హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. ఆ గ్యాస్ కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్డు కంపు, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. హోల్డ్ గోడల్లో ఉండే ఫోమ్‌కి వేడి తగిలితే సైనైడ్, మోనాక్సైడ్ వస్తాయి, వెనక ఫోమ్ ఉన్న ప్లేటు మీద ఫోమ్ తీయకుండా మంట పెట్టకూడదు. మూసి ఉన్న ఇనుప ట్యాంకులో కేవలం తుప్పు పట్టడం వల్ల కూడా ఆక్సిజన్ తగ్గిపోతుంది, అందులో చేపా నూనే ఏమీ ఉండక్కర్లేదు.

ముందు బాగా కడిగించండి. బ్లోయర్ గొట్టం అడుగుదాకా దింపి గాలి ఊదండి, పని జరుగుతున్నంతసేపూ ఆపకండి. నాలుగు గ్యాసుల మీటర్ అద్దెకైనా తెచ్చి పైన, మధ్యన, అడుగున కొలవండి. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి. పైన మ్యాన్‌హోల్ దగ్గర ఒక మనిషి కదలకుండా ఉండాలి. స్టీల్ ప్లాంట్‌లోనో రిఫైనరీలోనో కాంట్రాక్టు పని చేసినవాళ్ళకి ఇదంతా హాట్ వర్క్ పర్మిట్ (మంట పనికి ముందు తీసుకునే అనుమతి) పేరుతో తెలుసు, అదే మనిషి హార్బర్‌కి వచ్చేసరికి పర్మిట్ అడిగేవాడు లేడని మర్చిపోతాడు.

"వాసన రాకపోతే గ్యాస్ లేనట్టే కదా?"

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకయ్యాక మన ఊళ్ళో ఏ ఘాటు వాసనొచ్చినా జనం బయటికి పరుగెత్తుతున్నారు, మంచిదే. కానీ ఆర్గాన్‌కి వాసన లేదు, మోనాక్సైడ్‌కి లేదు. ఆర్గాన్ గాలి కంటే బరువు, ట్యాంకు అడుగున, పైపు లోపల నిలిచి ఆక్సిజన్‌ని పైకి నెట్టేస్తుంది. అందులోకి తల పెడితే ఆయాసం కూడా రాదు, రెండు మూడు ఊపిర్లకే స్పృహ పోతుంది. వంటగ్యాస్ కూడా బరువే, పడవ అడుగున చేరుతుంది. అందుకే భోజనానికి వెళ్ళేటప్పుడు టార్చ్, గొట్టాలు లోపల వదలకండి, పైకి లాగేసి సిలిండర్ల దగ్గరే కట్టేయండి.

"లోపల ఒకడు పడిపోయాడు. ఏం చేయాలి?"

దిగకండి. రక్షించడానికి దిగినవాళ్ళు ఒకరి మీద ఒకరు పడిపోయిన ప్రమాదాలు దేశమంతా ఉన్నాయి. బ్లోయర్ గాలి లోపలికి ఊదండి, నడుముకి తాడు కట్టి ఉంటే బయటనుంచి లాగండి, 101కి, 108కి ఫోన్ చేయండి. శ్వాస సెట్ ఉన్న ఫైర్ సిబ్బందే దిగాలి. తాడు కట్టకుండా దింపకూడదనేది ఇందుకే.

## ఒంట్లో తేడా చేస్తే

"పాలు తాగితే, బెల్లం తింటే పొగ కొట్టుకుపోతుందంటారు?"

పాలూ బెల్లమూ పొట్టలోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి పోయింది. తాగండి, బలానికి మంచిది. ఓనరు రోజూ అర లీటరు పాలు ఇచ్చి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఖర్చు మిగుల్చుకుంటుంటే మాత్రం ఊరుకోకండి.

"జి.ఐ. పని చేసిన రాత్రి చలిజ్వరం వచ్చింది, పొద్దుటికి తగ్గింది. మలేరియానా?"

మెటల్ ఫ్యూమ్ ఫీవర్ అయి ఉండొచ్చు. పీల్చిన 4 నుంచి 10 గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు, నోట్లో ఇనుము రుచి, పొడి దగ్గు. 24 నుంచి 48 గంటల్లో తగ్గుతుంది. వారం మధ్యలో ఒళ్ళు అలవాటుపడి రాదు, ఆదివారం సెలవు తర్వాత సోమవారం మళ్ళీ వస్తుంది. అలవాటైందంటే నయమైందని కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆ రోజు ఏ లోహం మీద పనిచేశారో తప్పకుండా చెప్పండి, చెప్పకపోతే ఆయన మలేరియా, డెంగీ పరీక్షలు రాసి పంపేస్తాడు.

"ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి?"

ఆయాసం వస్తే, ఛాతీ బిగిస్తే, పెదాలు నీలంగా మారితే, నురగ కక్కుతూ దగ్గితే, పడుకుంటే ఊపిరాడకపోతే వెంటనే 108. కాడ్మియం, ఫాస్జీన్, పెద్ద మంటతో ప్లేట్లు వేడిచేసినప్పుడు వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్, ఈ మూడూ మొదట మామూలు జలుబులా మొదలై గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు నింపుతాయి. వీటిలో ఏదైనా పీల్చానని అనుమానముంటే బాగానే ఉందని ఇంటికెళ్ళి పడుకోవద్దు, కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో ఆ రాత్రి గడపండి.

"నిజంగా క్యాన్సర్ వస్తుందా, ఊరికే భయపెడుతున్నారా?"

ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగలన్నిటినీ, అంటే మామూలు ఎం.ఎస్. పొగతో సహా, మనుషులకి క్యాన్సర్ కలిగించేవాటిలో మొదటి వర్గంలో చేర్చింది. ప్రతి వెల్డర్‌కీ వస్తుందని దాని అర్థం కాదు, పీల్చినకొద్దీ అవకాశం పెరుగుతుందని. బీడీ కూడా ఉంటే రెండూ కలుస్తాయి. ఏడాదికోసారి స్పైరోమెట్రీ (ఊపిరి సామర్థ్యం కొలిచే పరీక్ష) చేయించుకుని కాగితాలు దాచుకోండి, పాత అంకెలతో పోల్చి చూస్తేనే తగ్గుదల తెలుస్తుంది. వెల్డర్లకి న్యుమోనియా కూడా ఎక్కువే, బ్రిటన్‌లో వాళ్ళకి దానికి టీకా సిఫార్సు చేస్తారు, మీ డాక్టర్‌ని అడగండి.

"ఓనరు ఫ్యాన్ పెట్టనంటున్నాడు. నాకేమైనా హక్కుందా?"

పొగ, ధూళి తీసేసే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 14వ సెక్షన్ ఉండేది, ట్యాంకుల్లోకి దిగే పనికి 36వ సెక్షన్, 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక భద్రతా కోడ్ వచ్చింది. చిన్న షాపులకి అది వర్తించకపోవచ్చు, అక్కడ మాట్లాడుకుని సాధించుకోవడమే. ఈఎస్ఐ ఉంటే సీసం, మాంగనీస్, క్రోమియం జబ్బులు వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి, కాబట్టి ఆసుపత్రి చీటీలో మీ పని వెల్డర్ అని రాయించుకోండి. కూలీ అని రాస్తే తర్వాత రుజువు చేసుకోవడం కష్టం.

"పని బట్టలు ఇంట్లో అందరి బట్టలతో ఉతకొచ్చా?"

వద్దు. సీసం ధూళి బట్టల మీద ఇంటికి వస్తుంది, నేల మీద పాకే పిల్లల చేతులకి అంటుతుంది, పెద్దలకంటే పిల్లలకి సీసం చాలా చెడ్డది. షాపులోనే బట్టలు మార్చుకోండి, సంచిలో మూసి తెచ్చి విడిగా ఉతకండి. అన్నానికి ముందు, బీడీకి ముందు, ఖైనీ నలిపే ముందు సబ్బుతో చేతులు కడగాలి, పెట్రోల్‌తో కాదు. టిఫిన్ బాక్సు గ్రైండింగ్ టేబుల్ మీద పెట్టకండి, దానికి షట్టర్ బయట ఒక మేకు కొట్టి తగిలించండి.